పెద్దల సభలో మన స్థానములు

(ఎల్.బి. నగర్‌లో జరిగిన పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



"రాజ్యసభ సంగతి మాకెందుకు? ఆ ఎన్నికలో మేము ఓటు వేయము గదా!" అని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. ఓటు వేయని మాట నిజమే. వార్డు సభ్యుడు గాని, సర్పంచి గాని, మండల ప్రాదేశిక సభ్యుడు గాని, తుదకు శాసనమండలి సభ్యుడు గాని ఆ ఎన్నికలో ఓటు వేయడు. శాసనసభకు ప్రజలెన్నుకొన్న సభ్యులు మాత్రమే వేయుదురు. అయినను నేడు మీ చేతిలోనున్న పంచాయతీ అధికారము ఒకప్పుడు ఆ సభలో చిక్కుకొని మూడేండ్లకు పైగా ఆగిపోయినది. ఆ కథ చెప్పవలెననియే ఈ విషయమును ఎత్తుకొంటిని. దానికి ముందు ఆ సభ ఎట్టిదో, అందులో మన ప్రాంతమునకు స్థానములు ఏ లెక్కను వచ్చినవో కొంత చెప్పుకొందము.

మనము కూర్చున్న ఈ చోటునే చూడుడు. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు ఈనాడు నెత్తిమీద మెట్రో రైలు పోవుచున్నది. క్రింద విజయవాడ మార్గము. ఇరుప్రక్కల మేడలు, దుకాణములు. సరూర్‌నగర్, కొత్తపేట, కర్మన్‌ఘాట్, నాగోలు, హయత్‌నగర్ ఒకప్పుడు మీ ఊళ్ల వంటి ఊళ్లే. తరువాత ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారము పురపాలక సంఘములైనవి. 2007 ఏప్రిలులో హైదరాబాదు చుట్టునున్న మరి పది పురపాలక సంఘములతోపాటు ఇవియు మహానగరములో కలిసినవి. సరూర్‌నగర్ చెరువు గట్టున పుట్టి, ఆ గట్టు దాటి ఎక్కడికిని పోని ముదుసలి యొకడున్నాడనుకొనుడు. అతని తరఫున 1952లో హైదరాబాదు రాష్ట్రము పేర సభ్యులు ఢిల్లీలో కూర్చుండిరి. 1956 నుండి ఆంధ్రప్రదేశ్ పేర కూర్చుండిరి. 2014 నుండి తెలంగాణ పేర కూర్చుండుచున్నారు.

ఈ పేటకు పెట్టిన పేరు లాల్ బహదూర్ శాస్త్రిగారిది. ఆయన 1952లో మొదటి రాజ్యసభలో ఉత్తరప్రదేశ్ సభ్యుడై, ఆ సభనుండియే రైల్వే మంత్రిగా పనిచేసిరి. 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ వద్ద వంతెన కూలి రైలు పడి నూరుమందికి పైగా చనిపోయినపుడు రాజీనామా ఇయ్యబోగా నెహ్రూగారు అంగీకరింపలేదు. నవంబరులో మద్రాసు రాష్ట్రములోని అరియలూరు వద్ద మరల అట్టి ప్రమాదమే జరుగగా, ఈసారి పట్టుపట్టి పదవి వదలిరి. ఈ కూడలిని దినమునకు పదిసార్లు దాటువారిలో ఎందరికి ఈ సంగతి తెలియునో!

సరే, సభ సంగతికి వత్తము. రాజ్యసభ 1952 ఏప్రిలు 3న ఏర్పడినది; మే 13న మొదటిసారి కూడినది. అప్పుడు దాని పేరు రాష్ట్రముల పరిషత్తు. రాజ్యసభ యను పేరును 1954 ఆగస్టు 23న ప్రకటించిరి. మొదటి అధ్యక్షుడు డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు, తిరుత్తణిలో పుట్టిన తెలుగు కుటుంబీకుడు. పదేండ్లు ఆ పీఠమున నుండిరి. ఆనాటి సభ్యులు 216 మంది. అందులో 204 మంది రాష్ట్రములనుండి ఎన్నికైనవారు, పన్నెండుగురు రాష్ట్రపతి నియమించినవారు. నేటి సంఖ్య 245. నియమితులు నేటికిని పన్నెండుగురే. మన కరీంనగర్ ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టిన కవి సి. నారాయణరెడ్డిగారు 1997లో అట్లు నియమితులైరి.

అమెరికా దేశమునందు సెనేటు అను పెద్దల సభ యున్నది. అచ్చట రాష్ట్రము పెద్దదైనను చిన్నదైనను ఇద్దరే సభ్యులు. 1913 వరకు వారిని కూడ రాష్ట్ర శాసనసభలే ఎన్నుకొనుచుండెను. ఆ సంవత్సరము రాజ్యాంగమును సవరించి ప్రజల ఓటునకు మార్చిరి. మన రాజ్యాంగకర్తలు శాసనసభ్యుల ఓటును ఉంచుకొనిరి గాని, అందరికి సమానముగ ఇద్దరేసి యను పద్ధతిని తీసికొనలేదు. జనసంఖ్యను చూచి పంచిరి. అయితే పెద్ద రాష్ట్రములు చిన్నవానిని మ్రింగివేయకుండ ఒక ఉపాయము చేసిరి. మొదటి యేబది లక్షల జనమునకు పదిలక్షలకొకటి చొప్పున ఐదు స్థానములు. ఆ పైన ఇరువదిలక్షలకొకటి. ఊరబావిలో మొదటి కడవలు అందరికి సమానముగ తోడి, తరువాత పెద్ద కుటుంబములకు కొలతను తగ్గించినట్లన్నమాట.

ఆ లెక్కను మన ఇంటి కథతో సరిచూడవచ్చును. 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు 11 స్థానములు. ఆ రాష్ట్రములో తెలుగు జిల్లాలు మాత్రమే గాక మరాఠీ, కన్నడ జిల్లాలును ఉండెను. తీరాంధ్ర, రాయలసీమలు మద్రాసు రాష్ట్రములో ఉండెను, మద్రాసునకు 27. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడగా దానికి 12 ఇచ్చిరి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 1951 జనగణన ప్రకారము ఆ కొత్త రాష్ట్రపు భూభాగములో సుమారు మూడుకోట్ల పదునొకండు లక్షల జనము. మొదటి యేబది లక్షలకు ఐదు, మిగిలిన రెండుకోట్ల అరువది లక్షలకు పదమూడు, వెరసి 18. ఆ పదునెనిమిది స్థానములు 2014 వరకు మారలేదు. 2011 నాటికి జనము ఎనిమిదిన్నర కోట్లకు చేరువైనను స్థానములు పెరుగలేదు.

ఆ తొలినాళ్లలో మన ప్రాంతములనుండి పోయినవారు సామాన్యులు కారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1952లో మద్రాసు శాసనసభ్యుల ఓట్లతో ఎన్నికై, ఆ సభలో కమ్యూనిస్టు పక్షమునకు నాయకులైరి. సైకిలుపై పార్లమెంటుకు పోయిన మనిషిగా నేటికిని ఆయనను చెప్పుకొందురు. రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారు, మాకినేని బసవపున్నయ్యగారు అదే సంవత్సరము చేరిరి. నీలం సంజీవరెడ్డిగారు 1952లో చేరి, మరుసటి యేడు ఆంధ్ర రాష్ట్రమునకు ఉపముఖ్యమంత్రిగా వచ్చిరి; మరల 1964లో అదే సభకు పోయి కేంద్రమంత్రియైరి. హైదరాబాదునుండి కార్మికనాయకుడు డాక్టరు రాజ్ బహదూర్ గౌర్‌గారు 1952 నుండి పదేండ్లు, బారిస్టరు అక్బర్ అలీఖాన్‌గారు 1954 నుండి పదునెనిమిదేండ్లు ఉండిరి. పత్రికా సంపాదకుడు నార్ల వేంకటేశ్వరరావుగారు 1958 నుండి 1970 వరకు సభ్యులు. ఒకే ప్రాంతమునుండి కాంగ్రెసువారు, కమ్యూనిస్టులు, పత్రికారచయితలు ఒకే కాలమున ఎట్లు ఎన్నిక కాగలిగిరి? అదియే ఆ ఎన్నికల పద్ధతిలోని విశేషము. దానిని కొంచెము నిదానముగ వినుడు.

మన సర్పంచి ఎన్నికలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడు గెలుచును; తక్కిన ఓట్లన్నియు వృథా. రాజ్యసభ ఎన్నిక అట్లు కాదు. తెలంగాణ శాసనసభలో ఎన్నికైనవారు 119 మంది. ఎల్.బి. నగర్ నియోజకవర్గము 2009 ఎన్నికలనాడు కొత్తగా వచ్చినది; దాని శాసనసభ్యుడు ఈ 119లో ఒకడు. మూడు స్థానములు ఖాళీ యైనవనుకొందము. ప్రతి ఓటునకు నూరు విలువ కట్టుదురు, మొత్తము 11,900. ఖాళీలకంటె ఒకటి ఎక్కువతో, అనగా నాలుగుతో భాగించి, వచ్చిన 2,975కు ఒకటి కలుపుదురు. 2,976 విలువ తెచ్చుకొన్నవాడు గెలిచినట్లు. అనగా ముప్పదిమంది మొదటి ప్రాధాన్యము చాలును. నాలుగుతో ఎందుకు భాగింపవలెనని అడుగుదురేమో. నలుగురికి ముప్పదేసి ఓట్లు రావలెనన్న 120 కావలెను. ఉన్నవి 119 మాత్రమే. కనుక నాలుగవవాడు ఎన్నడును ఆ మెట్టునకు రాలేడు, ముగ్గురు రాగలరు. రెండే ఖాళీలైనచో మెట్టు 3,967కు లేచును, అనగా నలుబదిమంది కావలెను.

ఓటరు అభ్యర్థుల పేర్లకెదురుగ ఒకటి, రెండు, మూడు అని వరుస వేయును. ఒకనికి అవసరమునకు మించి ఓట్లు వచ్చినచో, ఆ మిగులు విలువ రెండవ ప్రాధాన్యమున్నవానికి పోవును. అందుచేత సభలో నాల్గవ వంతున్న పక్షమైనను కట్టుగా నిలిచినచో ఒకనిని పంపుకొనగలదు. ఎక్కువమంది గలవారు అన్నిటిని ఊడ్చుకొనిపోవుట కుదరదు. ఇంత చక్కని లెక్కను మన పాఠశాలలలో చక్రవడ్డీ లెక్కవలె నేర్పకపోవుట నాకు వింతగా తోచును.

రెండు మార్పులు చెప్పి ఈ భాగమును ముగింతును. మొదట అభ్యర్థి తానెన్నిక కోరు రాష్ట్రములోనే ఓటరై యుండవలెనను నియమముండెను. 2003లో చట్టమును సవరించి దానిని తొలగించిరి. అదే సవరణతో రహస్యపు ఓటు పోయి, ఓటు వేసినవాడు తన పక్షపు ప్రతినిధికి చీటి చూపి పెట్టెలో వేయు పద్ధతి వచ్చెను. ఇది రాష్ట్రముల సభ యను భావమునకే విరుద్ధమని కులదీప్ నయ్యర్‌గారు సుప్రీంకోర్టుకు పోగా, 2006లో న్యాయస్థానము రెండు మార్పులను సమర్థించెను. కోర్టు తీర్పు తీర్పే. కాని ఈ రాష్ట్రములో కాపురము లేనివారు ఈ రాష్ట్రపు స్థానములో కూర్చుండుట పల్లెవానికి ఇంకను రుచింపని సంగతియే. రుచింపకపోవుటలో తప్పును లేదు.

ఇక మొదట మాటయిచ్చిన కథ.

మన రాష్ట్రములో పంచాయతీరాజ్ వ్యవస్థ 1959లోనే వచ్చినది. కాని దానికి రాజ్యాంగపు అండ లేదు. రాష్ట్రప్రభుత్వమునకు ఇష్టమైనపుడు ఎన్నికలు, ఇష్టములేనపుడు ప్రత్యేకాధికారి పాలన. ఐదేండ్లకొకసారి తప్పక ఎన్నిక జరుగవలెను, స్త్రీలకును షెడ్యూల్డు కులములకును తెగలకును స్థానములుండవలెను అని రాజ్యాంగములోనే వ్రాయించుటకు 1989లో రాజీవ్ గాంధీగారి ప్రభుత్వము అరువదినాల్గవ సవరణ బిల్లును తెచ్చెను. లోక్‌సభలో ఆ పక్షమునకు నాలుగువందలకు పైగా సభ్యులుండిరి. బిల్లు సులభముగ గట్టెక్కెను. రాజ్యసభలో మాత్రము మూడింట రెండు వంతులు లేవు. రాష్ట్రములను దాటి కేంద్రము నేరుగ పల్లెలతో సంబంధము పెట్టుకొనుటకు ఇది ఎత్తుగడ యని కాంగ్రెసేతర పక్షములు సందేహించినవి. 1989 అక్టోబరులో కొద్ది ఓట్ల కొరతచేత బిల్లు పడిపోయెను.

ఆ సందేహము పూర్తిగ నిరాధారమని నేననను. స్థానిక స్వపరిపాలన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో రాష్ట్రముల జాబితాకు చెందిన విషయము, ఐదవ పద్దు. రాష్ట్రముల హక్కును కాచుటకే రాజ్యసభ యున్నది. అది తన పని చేసినదనవచ్చును. కాని దాని మూల్యము చెల్లించినది పల్లెలు. రాష్ట్రముల హక్కునకును పల్లెల హక్కునకును అక్కడ పొత్తు కుదరలేదు.

తరువాత ప్రధానియైన పి.వి. నరసింహారావుగారు, మన వంగర గ్రామస్థులు, రాష్ట్రముల అభ్యంతరములను సవరించిన కొత్త బిల్లును నడపిరి. 1992 డిసెంబరు 22న లోక్‌సభ, 23న రాజ్యసభ అంగీకరించెను. సగము రాష్ట్రములకు పైగా శాసనసభలు ఆమోదించిన పిమ్మట 1993 ఏప్రిలు 24న డెబ్బదిమూడవ సవరణ అమలులోనికి వచ్చినది. పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములు, ఐదేండ్ల గడువు, స్త్రీలకు మూడవవంతునకు తగ్గని స్థానములు, గ్రామసభ, ఇవి అన్నియు ఆ సవరణతో వచ్చినవే. పిమ్మట మన రాష్ట్రములలో స్త్రీలకు సగము స్థానములు వచ్చినవి. అందుచేతనే ఈ సభలో సగముమంది అక్కచెల్లెండ్రు కూర్చున్నారు. 1989లోనే బిల్లు నెగ్గియుండిన అప్పటి వారిలో కొందరు ఇంకను ముందుగనే సర్పంచులై యుండెడివారు.

రాజ్యసభకు మరియొక బలమున్నది, అది కూడ మీకు తెలిసియుండవలెను. రాజ్యాంగపు 249వ అధికరణము ప్రకారము, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులమంది తీర్మానించినచో, రాష్ట్రముల జాబితాలోని విషయముపై కూడ పార్లమెంటు కొంతకాలము చట్టము చేయవచ్చును. ఇట్టి తలుపునకు తాళపుచెవి లోక్‌సభ దగ్గర లేదు, రాజ్యసభ దగ్గరనే కలదు. డబ్బు బిల్లుల సంగతి వేరు. వానిని పదునాలుగు దినములలో త్రిప్పి పంపవలసినదే, ఆపలేదు.

ఇక 2014. ఈ కూడలిలోనే, 2009 నవంబరు 29న, కాసోజు శ్రీకాంతాచారి యను యువకుడు తెలంగాణముకొరకు తన ప్రాణమును అర్పించుకొనెను. డిసెంబరు 3న కన్నుమూసెను. అతని విగ్రహమును మీరు వచ్చుచు చూచియేయుందురు. బిడ్డ ప్రాణము పోవలసినంత కార్యము లోకములో లేదని నా అభిప్రాయము. ఆ తల్లి కడుపుకోతను ఏ బిల్లును తీర్పజాలదు. 2014 జనవరి 30న రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో త్రోసిపుచ్చెను. అయినను మూడవ అధికరణము ప్రకారము శాసనసభ అభిప్రాయము అడుగవలెనే గాని సమ్మతి అక్కరలేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించినవి. జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను.

ఆ 20వ తేదీననే రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగుగారు, మిగిలిన ఆంధ్రప్రదేశ్‌నకు ఐదేండ్లపాటు ప్రత్యేక తరగతి హోదా ఇత్తుమని ప్రకటించిరి. ఆ మాట సభలో పలికినదే గాని చట్టములో వ్రాసినది కాదు. 2016 సెప్టెంబరులో తరువాతి ప్రభుత్వము హోదాకు బదులు ప్రత్యేక సహాయమును ప్రకటించెను. అన్నదమ్ములు పంచుకొన్న పిమ్మట పొరుగువారి సంగతి మనకేల యని అనుకొనరాదు. తీర్మానపు పుస్తకములో ఎక్కని మాటకు బలమెంతయో మీకు నేను చెప్పనక్కరలేదు.

పదునెనిమిది స్థానములను 11, 7గా పంచిరి. జనసంఖ్యను చూచినచో తెలంగాణకు ఏడున్నరకు చేరువగ వచ్చును. అర సభ్యుడుండడు గనుక ఏడు. కాని అప్పటికే కూర్చున్న సభ్యులను ఎవరెవరిని ఏ రాష్ట్రమునకు వేయవలెను? చీట్లు తీసిరి! 2014 మే 30న అధ్యక్షుడు హమీద్ అన్సారీగారి యెదుట చీట్లు తీయగా, తెలంగాణ ఉద్యమపక్షమునకు చెందిన కె. కేశవరావుగారికి ఆంధ్రప్రదేశ్ వచ్చెను. ఆంధ్ర ప్రాంతమునకు చెందిన కె.వి.పి. రామచంద్రరావుగారికి, సి.ఎం. రమేశ్‌గారికి తెలంగాణ వచ్చెను. నవ్వు వచ్చు సంగతియే. కాని చీటి కొత్త కాదు. రాజ్యసభ ఎన్నడును రద్దు కాదు. రెండేండ్లకొకసారి మూడవవంతు సభ్యులు దిగిపోవుదురు. 1952లో అందరును ఒకేసారి వచ్చిరి గనుక, ఎవరికి రెండేండ్లు, ఎవరికి నాలుగు, ఎవరికి ఆరు అనునది ఆనాడును చీట్లతోనే తేల్చిరి.

చీటి చేత మారినది పేరు మాత్రమే కాదు. నిధియును మారెను. ఈ సంగతి మీకు నేరుగ పనికివచ్చునది. పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకము 1993 డిసెంబరు 23న ఆరంభమైనది. 2011-12 నుండి ఒక్కొక్క సభ్యునికి ఏడాదికి ఐదుకోట్ల రూపాయలు. కరోనా కాలమున కొంత ఆగి తిరిగి వచ్చినది. లోక్‌సభ సభ్యుడు తన నియోజకవర్గములో పనులు సూచింపవలెను. రాజ్యసభ సభ్యుడు తానెన్నికైన రాష్ట్రములో ఏ జిల్లాలోనైనను సూచింపవచ్చును. అనగా మీ ఊరు ఏ నియోజకవర్గములోనున్నను తెలంగాణ సభ్యులు ఏడుగురిలో ఎవరినైనను అడుగు హక్కు మీకున్నది. ఎంతమంది పంచాయతీవారు అడుగుచున్నారు? ఊరిలో లోక్‌సభ సభ్యుని పేరు పిల్లవాడైనను చెప్పును. రాజ్యసభ సభ్యుల పేర్లు ఇద్దరివైనను చెప్పగలవారు అరుదు.

క్రికెటు ఆటగాడు సచిన్ తెందూల్కర్‌గారు 2012లో నియమిత సభ్యులైరి. నియమితులకు దేశములో ఎక్కడనైనను ఎంచుకొనవచ్చును. 2014లో సంసద్ ఆదర్శ గ్రామ పథకము వచ్చినపుడు, బొంబాయివాడైన ఆయన అప్పటి నెల్లూరు జిల్లాలోని పుట్టంరాజువారి కండ్రిగ యను చిన్న పల్లెను దత్తు తీసికొని, నవంబరులో స్వయముగ వచ్చిరి. ఆ పల్లెకు పార్లమెంటులో బంధువెవ్వడును లేడు. ఎవరో అడిగిరి, ఆయన విన్నారు.

అడుగునపుడు కొన్ని మెలకువలు కలవు. సభ్యుడు పనిని సూచించును గాని డబ్బు ఆయన చేతినుండి రాదు; జిల్లా అధికారి పరిశీలించి మంజూరు చేయవలెను. పని పదిమందికి ఉపయోగపడు శాశ్వతమైన ఆస్తిగా నుండవలెను. ఒకరి సొంత జాగాలో కట్టడము కుదరదు. ఏటి నిధిలో నూటికి పదునైదు పాళ్లు షెడ్యూల్డు కులములవారి వాడలకు, ఏడున్నర పాళ్లు షెడ్యూల్డు తెగల ప్రాంతములకు పెట్టవలెనను నియమము ఉండుటచేత, మీ ఊరిలో అట్టి వాడ కలదేని ఆ సంగతి మొదటి వాక్యములోనే వ్రాయుడు. తీర్మానమునకు స్థలపు సర్వే సంఖ్య, అది ప్రభుత్వ భూమియో పంచాయతీ భూమియో తెలుపు కాగితము, పని ముగిసిన పిమ్మట నిర్వహణ పంచాయతీ వహించునను అంగీకారము జతపరుపుడు. ఇవి లేని అర్జీలు జిల్లా కార్యాలయపు బీరువాలో నిద్రించును. ఒక ప్రతిని సభ్యునికి, ఒక ప్రతిని జిల్లా కలెక్టరుకు పంపి, రెండింటికి రసీదు తీసికొనుడు.